డక్ కాల్ మీద చుక్కలు కాల్చాలా, వద్దా?

చలికొలను: నేనుండేది అర్కాన్సాలో. పక్కింటాయన బాతుల వేటకి వెళ్తారు. ఆయనకిద్దామని వాల్‌నట్ కర్రతో లేత్ (కర్రని తిప్పే మర) మీద డక్ కాల్ తీశాను, అంటే ఊదితే బాతులా కూసే గొట్టం. బ్యారెల్ (బయటి గొట్టం) చుట్టూ బర్నింగ్ పెన్‌తో స్టిప్లింగ్ చేయమంటారా? ఒత్తుగా చుక్కలు కాల్చడమే అనుకోండి. ఒకసారి కాలిస్తే మళ్లీ చెరపలేం కదా, అందుకే అడుగుతున్నా.

అంకుడుకర్ర: వద్దండీ. వాల్‌నట్ అందమంతా దాని నారలోనే ఉంది. మాది ఏటికొప్పాక దగ్గర. అక్కడ అంకుడు తెల్లగా ఉంటుంది కాబట్టి దానికి లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు తెస్తారు. వాల్‌నట్‌కి ఆ అవసరం ఏముంది?

ఉలిపిడి: పట్టు సంగతి మర్చిపోయారు. చలికాలం, మోకాలి లోతు నీళ్లు, తడి చేతులు. నున్నటి కాల్ సబ్బులా జారుతుంది. టెన్నెసీలోని రీల్‌ఫుట్ సరస్సు దగ్గర చేసిన పాత కాల్స్ మీద కూడా గళ్లు చెక్కి ఉంటాయి.

అంకుడుకర్ర: మెడలో తాడు ఉంటుంది. జారితే ఎక్కడికి పోతుంది?

ఉలిపిడి: తాడు కింద పడకుండా ఆపుతుంది గానీ, వేళ్ల మధ్య తిరగకుండా ఆపుతుందా? చివర అరచెయ్యి మూసి తెరిస్తేనే కూత మారేది. ఆ సమయంలో తిరిగితే?

అంకుడుకర్ర: ఇరవై కాల్స్ ఇచ్చాను, అన్నీ తాడుతోనే. తిరిగిందని ఒక్కరూ అనలేదు.

పొట్టుమూట: తాడు గొడవ వదిలేయండి. కూత పుట్టేది ఇన్సర్ట్‌లో, అంటే బ్యారెల్‌లోకి దూర్చే ముక్కలో, ఉండే రీడ్ (ఊదితే అదిరే పలచటి రేకు), టోన్ బోర్డు (ఆ రేకు ఆనే పలక) దగ్గర. వాటి జోలికి వెళ్లనంతవరకు ఏం చేసినా పర్లేదు.

అంకుడుకర్ర: అసలు మాట చెప్పేస్తా. ఇసుక కాగితం గీతలు పోక, వాటిని చుక్కల కింద దాచేవాళ్లని చూశాను.

ఉలిపిడి: ఆ మాట నన్నేనా? ఒక్క బ్యారెల్‌కి నాలుగు గంటలు కూర్చుంటాను. పెన్ను ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగితే గుంట పడుతుంది. తర్వాత మసంతా బ్రష్‌తో దులపాలి. దాన్ని తప్పులు దాచుకోవడం అంటారా? మీకు గురువుకిచ్చే మర్యాద ఇచ్చాను అన్నా. ఇలా అంటారనుకోలేదు.

అంకుడుకర్ర: మిమ్మల్ని కాదు తమ్ముడూ. పోయిన నెల సంతలో ఒకాయన నా కాల్ చేతిలో తిప్పి చూసి, "దీని మీద పనేం లేదు, తగ్గించండి" అన్నాడు. ఆ నునుపు కోసం రెండు సాయంత్రాలు పట్టింది నాకు. మీ చుక్కలు పనిగా లెక్కకొస్తున్నాయి, నా నునుపు రావడం లేదు. నా బాధ అది.

ఉలిపిడి: ఇది మొదటే చెప్పుంటే నేను తాడు దగ్గర అంతసేపు వాదించేవాణ్ణి కాదు. నాకూ చుక్కల్లేని కాల్‌కి సగం ధరే అడుగుతారు.

పొట్టుమూట: చలికొలను గారూ, వాల్‌నట్ ముదురు రంగు, కాల్చినా చుక్కలు సరిగా కనబడవు. అదే మేపుల్ అయితే తెలుస్తాయి. పైన చిక్కటి సీఏ (సూపర్ గ్లూ) పూత వేస్తే గుంటలు పూడిపోతాయి, నూనె పట్టించండి.

చలికొలను: అందరికీ థాంక్స్. ముందు వాల్‌నట్ తునక మీదే కాల్చి చూశాను. పొట్టుమూట గారు చెప్పినట్టే కలిసిపోయాయి. బ్యారెల్ నున్నగానే ఉంచి, పట్టుకునేచోట వేలెడు వెడల్పున మాత్రం కాలుస్తాను. అంకుడుకర్ర గారూ, మొగలి ఆకు ఇక్కడ దొరకదు. మెరుగుకి మీరేం వాడతారు?

అంకుడుకర్ర: సన్న ఇసుక కాగితం అయ్యాక, లేత్ తిరుగుతుండగానే అదే కర్ర పొట్టు గుప్పెడు తీసి అద్దండి. చుక్కల పట్టీకి అటూ ఇటూ ఉలితో సన్న గీత కొట్టండి, చుక్కలు దాటవు.

ఉలిపిడి: గీత ముందు, చుక్కలు తర్వాత. మర్చిపోకండి.