పాత రివెట్ల వంతెన రెయిలింగ్ ఎత్తు పెంచాలి: ఆ ఇనుముకు వెల్డింగ్ చేయవచ్చా?

మిర్యాలగూడ ఫ్యాబ్రికేటర్:
అందరికీ నమస్కారం. మా షాపులో ఎక్కువగా రైస్ మిల్లులకు మెట్లు, ప్లాట్‌ఫారాలు చేస్తుంటాము. వందేళ్లు దాటిన ఒక రివెట్ల స్టీలు వంతెనపై రెయిలింగ్ ఎత్తు పెంచే పనిని ఒక కాంట్రాక్టరు మాకు ఇస్తానంటున్నారు. ఇప్పుడున్నది నడుము దాకా కూడా రాదు. పాత స్తంభాలపైనే పైపు ముక్కలు వెల్డింగ్ చేసి, పైన ఒక అడ్డ పైపు వేస్తే చాలునని ఆయన అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. తెలిసిన పెద్దలు సలహా ఇవ్వగలరు.

పాలమూరు విశ్రాంత ఇంజినీరు:
మీరు జంకడం సబబే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం రెయిలింగ్ సుమారు 1.1 మీటర్ల ఎత్తుండి, పైఅంచున మీటరుకు 150 కిలోల చొప్పున పక్కకు నెట్టే బలానికి తట్టుకోవాలి. స్తంభాలు 2 మీటర్లకొకటి ఉంటే ఒక్కోదానిపై 300 కిలోలు పడతాయి. అడుగున బేస్ ప్లేటులోని రెండు బోల్టుల వరుసల మధ్య దూరం 10 సెంటీమీటర్లే అయితే, మీటకోల లెక్కన (300 × 1.1 ÷ 0.1) లోపలి వరుసను పైకి లాగే బలం 3.3 టన్నులు. పాత స్తంభం 80 సెంటీమీటర్లదైతే అది 2.4 టన్నులే ఉండేది. పెరిగిన ఆ భారాన్ని మోయాల్సింది మీ కొత్త పైపు కాదు, తుప్పు తిన్న పాత అడుగు భాగం. కాబట్టి ముందుగా స్తంభం దేనికి బిగించి ఉందో, ఆ ప్లేటు మందం ఎంత మిగిలిందో చూడండి. ఎత్తును ఇప్పటి నడకదారి పైనుంచే కొలవాలి. తారు మీద తారు పోసిన వంతెనల్లో రెయిలింగ్ తనంతట తానే పొట్టిదవుతుంది.

వెల్డింగ్ విషయానికొస్తే, ఆ కాలపు చేత ఇనుములో (రాట్ ఐరన్) కిట్టం (స్లాగ్) పొరలు ఉంటాయి, తొలినాటి స్టీలులో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉండవచ్చు. వేడికి పొర విడిపోవచ్చు, అతుకు పక్కన పగులు రావచ్చు. చిన్న ముక్కను ల్యాబులో పరీక్ష చేయించకుండా రాడ్డు ముట్టించకండి. గర్డరు (వంతెనను మోసే పెద్ద దూలం) అంచు ప్లేటుకు కొత్త రంధ్రాలు వేయడం కూడా డిజైన్ ఇంజినీరు ఒప్పుకుంటేనే. పాత రెయిలింగ్‌ను కదపకుండా, దాని లోపలి పక్కన విడి స్తంభాలతో కొత్తది బోల్టులతో బిగించడమే నా మొగ్గు.

నల్లగొండ పాలిటెక్నిక్ లెక్చరర్:
గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెనపై గాలికి తట్టుకునేందుకని పడమటి పక్క రెయిలింగ్‌కు సన్నని పట్టీలు అమర్చారు. 2020లో బలమైన గాలులు వీచినప్పుడు అవి నగరం దాకా వినబడేలా మోగాయి. మీ వంతెన అంత పెద్దది కాకపోయినా, నిండు రేకులు మాత్రం వేయకండి. నిలువు కడ్డీలే మంచివి, అడ్డ కడ్డీలను పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు.

మిర్యాలగూడ ఫ్యాబ్రికేటర్:
ధన్యవాదాలు సార్. లోపలి పక్కన బిగిస్తే నడకదారి ఇరుకవుతుంది కదా?

పాలమూరు విశ్రాంత ఇంజినీరు:
అవుతుంది. ఎంత తగ్గుతుందో ముందే రాతపూర్వకంగా తెలియజేసి ఒప్పుకోలు తీసుకోండి. ఇంకొక మాట: పాత రంగు అడుగున ఎర్రగా కనబడితే అది సీసం కలిసిన సిందూరపు పూత కావచ్చు. దానిపై గ్యాస్ కట్టర్ పెడితే ఆ పొగ మీ కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.