"జోడుగా ఉండకుడి": ఈ జోడు సోపతా, కాడా?

గ్రూపు మిత్రులందరికీ నమస్కారం. ఇక్కడ పద్యాల మీద, సామెతల మీద మంచి చర్చలు నడుస్తుంటాయి. ఇవాళ నేను తెలుగు బైబిల్లోని ఒక్క మాట పట్టుకొని వచ్చాను. నేను విశ్వాసిని. ఉండేది హన్మకొండలో, పుట్టి పెరిగింది పరకాల దిక్కు ఒక పల్లెలో. మా నమ్మకాన్ని ఒప్పుకోమని ఎవరినీ అడగడం లేదు, మాటను మాత్రం నాతో కలిసి చూడండి.

తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు, అంటే కొరింథు ఊరి విశ్వాసులకు, రాసిన రెండో పత్రిక (ఉత్తరం), ఆరో అధ్యాయం, 14వ వచనం: "మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి." మా ఇళ్లలో చిన్న పిల్లలకు కూడా నోటికి వచ్చే వాక్యం ఇది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఇదే చెబుతారు, పిల్లలు కాలేజీలో ఎవరితో తిరుగుతున్నారని అడిగేటప్పుడూ ఇదే. నాకు పదిహేడేళ్ల వయసులో ఒక కూడికలో బోధకుడు దీన్ని ఇట్లా విడమరిచాడు: "జోడు అంటే జత. జత అంటే స్నేహం. అన్యులతో స్నేహం వద్దు." నేను ఆ మాటను అక్షరం పొల్లు పోకుండా పట్టుకున్నాను. మూడో తరగతి నుంచి నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని బడికి తీసుకుపోయిన సోపతిగాని నాయిన ఆ ఏడే పోయాడు. నేను వాళ్ల వాకిట్లోకి పోలేదు. మా దర్వాజ దగ్గర నిలబడి డప్పుల చప్పుడు విన్నాను. వాడు ఆ తర్వాత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఎందుకు రాలేదని కూడా అడగలేదు.

ఆ వచనం తప్పని నేను అనను. దాన్ని ఇప్పటికీ నమ్ముతాను. "జోడు అంటే స్నేహం" అన్న ఆ మెట్టు దగ్గరే కాలు జారిందని నా మాట.

మన దగ్గర జోడు అనే మాట ఎక్కడెక్కడ పలుకుతుందో చూడండి. జోడెడ్లు. కాళ్ల జోడు. కళ్లజోడు. ఈడూ జోడూ కుదిరిన సంబంధం. పాత కావ్యాల్లో యోధులు తొడుక్కునే కవచం కూడా జోడే. దోస్తును మాత్రం మా పల్లెలో ఎవరూ "వీడు నా జోడు" అనరు. దానికి సోపతి ఉంది. ఉర్దూ సోహబత్ మన నోట్లో నలిగి సోపతి అయింది. జోడు అంటే ఒకటి కదిలితే రెండోది కదలక తప్పని జత. ఒక చెప్పు పోతే రెండోది ఎందుకూ పనికిరాదు. సోపతి అట్లా కాదు, ఎవరి దారిన వాళ్లు పోయి, మళ్లీ సాయంత్రం రచ్చ దగ్గర కలుస్తారు.

గ్రీకు మూలంలో ఉన్నది "హెతెరోజుగేఓ" అనే క్రియ. "హెతెరోస్" అంటే వేరేది, "జుగోన్" అంటే కాడి. ఈ జుగోన్, మన సంస్కృతం "యుగం" ఒకే ధాతువు బిడ్డలు. యుగం అంటే కాడి అని, జంట అని మన నిఘంటువుల్లోనూ ఉంది. అంటే పౌలు చెప్పిన బొమ్మ మనకు ఎంత దగ్గరిదంటే, పొలం గట్టు మీద నిలబడి చూసినంత దగ్గరిది: పొందని రెండు పశువులను ఒక్క కాడికి కట్టడం. దీని వెనక ద్వితీయోపదేశకాండం 22లోని ఆజ్ఞ ఉంది, ఎద్దును గాడిదను జతచేసి దున్నకూడదని. అదే యేసు "నా కాడి సుళువుగాను" అన్నచోట మన అనువాదకులు కాడి అనే రాశారు. ఇక్కడ జోడు అన్నారు. జోడెడ్లు తెలిసిన రైతుకు ఆ మాట సరిపోయింది. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక జోడులోంచి కాడి జారిపోయి, జత మాత్రం మిగిలింది. మా అయోమయం అక్కడ మొదలైందని నేను అనుకుంటున్నాను.

మీరేమంటారు?

జమ్మికుంట మిత్రుడు: అన్నా, మంచి ముచ్చట తీసినవ్. కానీ ఆ వచనం అక్కడితో ఆగలేదు కదా. "నీతికి దుర్నీతితో ఏమి సాంగత్యము?" అని వెంటనే ఉంది. సాంగత్యం అంటే స్నేహమే కదా. "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును" అని మొదటి పత్రికలో కూడా ఉంది. మరి సోపతి వద్దన్నట్టే కదా?

నా జవాబు: తమ్మీ, నేనూ చాలా ఏండ్లు ఇదే అనుకున్నాను. చిక్కంతా తెలుగులో ఒక్క "సాంగత్యము" మూడు పనులు చేయడంలో ఉంది. నువ్వు చెప్పిన రెండో పత్రికలో గ్రీకు మాట "మెతొఖే", అంటే భాగం పంచుకోవడం. "దుష్టసాంగత్యము" దగ్గర ఉన్నది "హొమిలియా", కూడి తిరగడం, ముచ్చట్లు. మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో "జారులతో సాంగత్యము చేయవద్దని" అన్నచోట ఉన్నది ఇంకొకటి, కలిసిమెలిసి ఉండటం అనే అర్థంలోది. మూడింటికీ మనకు ఒక్కటే సాంగత్యం.

ఆ ఐదో అధ్యాయమే ఇంకా చదువు. వద్దన్నది ఈ లోకపు మనుషులతో కలవడం గురించి కాదని పౌలు తానే వివరణ ఇచ్చుకున్నాడు: "ఆలాగైతే మీరు లోకములోనుండి వెళ్లిపోవలసివచ్చును గదా?" ఆయన కోపం సహోదరుడని పేరు పెట్టుకొని చెడు నడిచేవాడి మీద. మనం దాన్ని తిప్పి, లోపలివాడిని వదిలేసి పక్కింటివాడిని దూరం పెడుతున్నాం. "దుష్టసాంగత్యము" అన్న వాక్యమైతే గ్రీకు నాటకకర్త మెనాండర్ నుంచి పౌలు తీసుకున్నాడని పండితులు చెబుతారు. అన్యుల దగ్గరికి పోవద్దని చెప్పడానికి మనం వాడే వాక్యం ఒక అన్యుడి నోటి మాట. పౌలు దాన్ని చదివాడు, గుర్తుపెట్టుకున్నాడు, అవసరమైనచోట వాడాడు.

ఇక ఆ వచనాల్లో మిగతా మాటలు కూడా చూడు. "వెలుగునకు చీకటితో ఏమి పొత్తు?" "అవిశ్వాసితో విశ్వాసికి పాలెక్కడిది?" పొత్తు, పాలు! పొత్తుకు గొర్లు పెడతాం. పాలోళ్లంటే ఆస్తిలో పాలు ఉన్నవాళ్లు. జోడు, పొత్తు, పాలు, ఈ మూడూ పొలం, కల్లం, పంపకం మాటలు. స్నేహం మాట వీటిలో ఒక్కటీ లేదు.

నర్సంపేట నుంచి ఒక సార్: మాటల సంగతి బాగుంది. కానీ ఒక సందేహం. మీరు కాడి అన్నారు. ఊళ్లో ఒంటెద్దు రైతులు ఇద్దరు కలిసి ఒక అరక కట్టేవాళ్లు, అందులో కులమూ మతమూ చూసేవాళ్లు కాదు. మీ లెక్కన అదే అసలైన "జోడు" కదా? అంటే స్నేహం చేయొచ్చు గానీ సేద్యం కలిసి చేయకూడదనా?

నా జవాబు: సార్, మీరు అడిగింది మా ఇంటి కథే.

మా బాపుకు ఒక్క ఎద్దు ఉండేది. ఎదురింటి మామకు ఒకటి. మాది ఎత్తుది, వాళ్లది పొట్టిది. రెండింటినీ జోడు కట్టి ఇద్దరి చెలకలూ దున్నేవాళ్లు. ఎత్తు కలవని ఎడ్లను కడితే కాడి ఒక దిక్కు ఒరుగుతుంది, మెడలు పుండ్లు పడతాయి, సాలు వంకర పోతుంది. బాపు ఏం చేసేవాడంటే, నాగలిని కాడికి కట్టే తావును నట్టనడుమ నుంచి మా ఎద్దు దిక్కు బెత్తెడు జరిపేవాడు. అప్పుడు బరువు బలమైనదాని మీద ఎక్కువ పడి, పొట్టిదానికి తేలికవుతుంది. పొద్దు గూకినాక మామ ఎద్దు మెడకు కూడా బాపే ఆముదం రాసేవాడు. పని దగ్గర మా ఇద్దరి ఇండ్లకూ అడ్డుగోడ లేదు.

కల్లం దగ్గర మాత్రం ఒక సంగతి ఉండేది. రాశి పోసినాక కొలిచేముందు మామ వాళ్లు తమ దేవతకు చేసుకునే పద్ధతి ఒకటి ఉంది. మొదటి ఏడు బాపు మెల్లగా అన్నాడట: "బావా, నా పాలు ముందు కొలిచియ్యి. నీ రాశికి నువ్వు చేసుకునేది తర్వాత చేసుకో." మామ ఒక్క నిమిషం చూసి, కుంచం చేతిలోకి తీసుకున్నాడట. నాకు తెలివి వచ్చిన కాడినుంచి చూసింది ఏమంటే, ఎవరూ అడగకుండానే మామ మా గింజలు ముందు కొలిచి, గోనె సంచుల మూతి కట్టి పక్కన పెట్టి, అప్పుడు కొబ్బరికాయ తీసేవాడు.

బాపు చదువుకోలేదు. 16వ వచనంలో "దేవుని ఆలయమునకు విగ్రహములతో ఏమి పొందిక?" అని ఉన్నదని ఆదివారం విన్నాడంతే. కానీ జోడు ఎక్కడ వద్దన్నారో ఆయనకు తెలిసింది. ఆరాధన దగ్గర. సేద్యం దగ్గర కాదు.

హుజూరాబాద్ నుంచి ఒక అక్క: మాది కూడా విశ్వాసుల ఇల్లే. తమ్మీ, నాకు మాటల కన్నా రోజూ వచ్చే తిప్పలు ఎక్కువ. పక్కింటామె మేడారం పోయొచ్చి బంగారం తెచ్చి చేతిలో పెడుతుంది. తీసుకోకుంటే ఆమె మొహం చిన్నబోతుంది. తీసుకుంటే నా మనసు కొట్టుకుంటుంది.

(ఇతర ప్రాంతాల మిత్రుల కోసం: సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించే బెల్లాన్ని మన దగ్గర బంగారం అంటారు.)

నా జవాబు: అక్కా, దీనికి మొదటి పత్రిక పదో అధ్యాయం కన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. అవిశ్వాసి విందుకు పిలిస్తే, పోవాలనిపిస్తే పోయి, "ఏ విచారణయు చేయక తినుడి" అన్నాడు. ముందు ఇది గమనించాలి. పిలుస్తారు, పోతాం, వడ్డించింది తింటాం అనే పౌలు మొదలుపెట్టాడు. ఆ తర్వాతనే, ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే తినొద్దన్నాడు. ఎందుకు? "అట్లు తెలిపినవాని నిమిత్తమును." చెప్పినవాడి కోసం. బెల్లంలో ఏదో ఉందని కాదు. ఆమె అది దేవత సొమ్మని నమ్మి ఇస్తున్నది, నువ్వు ఉత్త బెల్లంలా నోట్లో వేసుకుంటే ఆమె నమ్మకాన్నీ నీ నమ్మకాన్నీ రెండింటినీ తేలిక చేసినట్టు. నేనైతే చేతులు వెనక్కి పెట్టుకోను, మొహం తిప్పుకోను. "వదినె, నీ మొక్కు తీరింది, మంచిగ పోయొచ్చినవ్, కూచో. మాకు మొక్కిన బెల్లం తినే వాడుక లేదు, ఏమనుకోకు. గద్దెల కాడ మంది ఎట్లున్నరో చెప్పు" అని చాయ్ పెడతాను. ఒకసారి చిన్నబోవచ్చు. రెండోసారి ఆమే మీకోసం మొక్కని బెల్లం వేరే తెస్తుంది. మా వీధిలో అట్లాగే జరిగింది.

కాజీపేట మిత్రుడు: నేను హిందువును. ఉన్నదున్నట్టు చెబుతున్న. మీ క్రిస్మస్ కేకు మేం తింటాం, సద్దుల బతుకమ్మ నాడు మా సత్తుపిండి మీరు తీసుకోరు. అది మాకు తగులుతుంది. ఇంకోటి, ఆ "అన్యులు" అనే మాట. పుట్టినప్పటి నుంచి పక్కపక్కనే ఉన్నాం, నేను అన్యుడిని ఎట్లయిన?

నా జవాబు: అన్నా, తగులుతుందని చెప్పినందుకు మీకు నమస్కారం. చాలామంది చెప్పరు, దూరం జరుగుతారు. సత్తుపిండి విషయంలో మా వాళ్లలోనే ఒక్క మాట లేదు. గౌరమ్మకు పెట్టిందా, ఇంట్లో పిల్లలకు చేసిందా అన్నదాన్నిబట్టి నేను తీసుకుంటాను. మొక్కింది తీసుకోకపోతే అది మీ మీద చిన్నచూపు కాదని మీకు మా నడత చెప్పాలి, నోరు కాదు.

"అన్యులు" గురించి మీరన్నది నిజం. హీబ్రూలో "గోయీం", గ్రీకులో "ఎథ్నే", రెండింటికీ అర్థం జనాలు, జాతులు అని. తెలుగులో అన్యజనులు అయి, గుడి బయట మాట్లాడేటప్పుడు "జనులు" రాలిపోయి అన్యులు మిగిలింది. వినేవాడికి పరాయివాడని వినపడుతుంది. నేను ఆ మాట మా ఇంట్లో మానేశాను. యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో "పరదేశులును యాత్రికులును" అని ఎవరినన్నాడో తెలుసా? విశ్వాసులను. పరాయివాళ్లు మేమని ఆయన రాస్తే, మేం దాన్ని మీ మెడకు కట్టాం. ఆ వెంటనే ఆయన చెప్పింది వారి నడుమ మంచి ప్రవర్తనతో ఉండమని. నడుమ. ఊరి బయట కాదు.

మహబూబాబాద్ నుంచి ఒకరు: మా డోర్నకల్ కెథడ్రల్ చూసినవాళ్లకు ఈ చర్చ రాళ్లలోనే కనపడుతుంది. 1912లో బిషప్ అయిన అజరయ్య గారు కట్టించింది, 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుడి మంటపాల పద్ధతి, మసీదు గుమ్మటాల పద్ధతి అందులో కలిసి ఉంటాయి. లోపల ఆరాధన మాత్రం క్రీస్తుదే.

జమ్మికుంట మిత్రుడు: అన్నా, అయితే పెళ్లి సంగతి? ఆ వచనం పెళ్లికి పనికిరాదంటవా?

నా జవాబు: పనికొస్తుంది తమ్మీ, బాగా పనికొస్తుంది. ఈడూ జోడూ అనేది పెళ్లికే కదా. రోజూ ఒకే కాడి కింద నడిచే బతుకు అది, పిల్లలను ఏ దిక్కు నడిపించాలన్న దగ్గరే సాలు వంకర పోతుంది. నా బిడ్డకు సంబంధం చూసేటప్పుడు నేనూ ఈ వచనమే చదువుతాను. కానీ అప్పటికే కాపురంలో ఉన్నవాళ్ల మీద దీన్ని విసరకూడదు. అవిశ్వాసురాలైన భార్య కాపురం చేయ ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టకూడదని అదే పౌలు మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో రాశాడు.

నర్సంపేట సార్: తిరిగి తెలుగు చేస్తే ఎట్లా రాస్తారు?

నా జవాబు: "నమ్మనివాళ్లతో ఒక్క కాడికి మెడ పెట్టకండి." అంతకన్నా మంచిది తోస్తే మీరు చెప్పండి సార్.

హుజూరాబాద్ అక్క: ఆ సోపతి తమ్మునితో మళ్లీ మాట్లాడినవా?

నా జవాబు: మాట్లాడిన అక్కా. ఏండ్లు పట్టింది. మొన్న ఎండాకాలం వాళ్ల అమ్మ పోయింది. తెల్లారకముందే పోయిన. పాడె నలుగురిలో ఒకణ్ని నేనే. దింపుడు కల్లం కాడ దించినాక, చెవిలో మూడుసార్లు పిలవడం కొడుకు వంతు. నేను నాలుగడుగులు పక్కకు పోయి నిలబడ్డ. వాడు పిలవడం అయ్యాక లేచి నా దిక్కు చూసిండు. పోయి మళ్లీ భుజం పెట్టిన.