రేడియేషన్ భయంతో సీటీ వద్దనడం కరెక్టేనా?

దేవరకొండ పోరడు: మా నాయనకు 61. వారం నుంచి మోషన్ తారు లెక్క నల్లగా, జిగటగా పోతుంది. హిమోగ్లోబిన్ 6.8కి పడిపోతే రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. నోట్లోంచి వేసే ఎండోస్కోపీ, కింది నుంచి చేసే కొలనోస్కోపీ రెండూ నార్మల్. ఇప్పుడు డాక్టర్ సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపే సీటీ స్కాన్, తీయాలంటున్నాడు. మా బావేమో సీటీ అంటే క్యాన్సర్ కొనితెచ్చుకోవడమే, రేడియేషన్ లేని మింగే కెమెరా అడుగు అంటాడు. ఎవరి మాట వినాలె?

పాలమూరు సారు: మీ బావదే కరెక్ట్. చిన్నపేగు ఆరు మీటర్ల దాకా ఉంటుంది, మామూలు ఎండోస్కోపీ దాని మొదట్లోనే ఆగిపోతుంది. 2001 నుంచే వాడుకలో ఉన్న క్యాప్సూల్ 26 మిల్లీమీటర్లు ఉంటుంది, మింగితే ఎనిమిది గంటలు ఫొటోలు తీసుకుంటూ పోతుంది, నడుముకు కట్టిన బెల్టు పెట్టెలో అవన్నీ రికార్డవుతాయి. ఇంకెందుకు సీటీ?

హాలియా తమ్ముడు: ఎందుకంటే సారూ, రక్తం ధారగా పోతూ బీపీ పడిపోయే మనిషికి ఎనిమిది గంటల టైమ్ ఎక్కడిది? నేను సీటీ రూములోనే పనిచేస్తా. రంగుమందు ఎక్కించి తీస్తే నిమిషాల్లో ఎక్కడ కారుతుందో కనపడొచ్చు, కానీ ఆ టైముకు రక్తం కారుతుండాలె, ఆగిపోయి ఉంటే మాకూ ఏం దొరకదు. మామూలు పొట్ట సీటీకి పడే రేడియేషన్ డోసు 8, 10 మిల్లీసీవర్టులు (డోసును కొలిచే లెక్క), నేల నుంచి ఆకాశం నుంచి మనకు ఏడాదికి సగటున పడేదే 2.4. అన్నట్టు, మీ నాయనకు ఇప్పటికే చేసిన రెండు ఎండోస్కోపీల్లో కూడా రేడియేషన్ లేదు, అది మీ బావకు చెప్పు.

పాలమూరు సారు: యాంజియోకు రెండు మూడు సార్లు తీస్తారు కాబట్టి డోసు ఇంకా పెరుగుతుంది, ఆ మాట దాచకు.

హాలియా తమ్ముడు: పెరుగుతుంది, కాదనను. అయినా 61 ఏళ్ల మనిషికి ముందు ముంచుకొచ్చేది రక్తస్రావమే కదా.

చండూరు అక్క: మీ ఇద్దరూ అడగని ముచ్చట ఒకటుంది. తమ్మీ, నాయన మోకాళ్ల నొప్పులకు గోళీలు మింగుతాడా? మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఒళ్లంతా పట్టేసి, ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి గోళీల మీదనే బతికినోళ్లు ఎంతమందో. ఆ గోళీలు పొట్టలో పుండ్లు చేయడమే కాదు, ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగును కూడా అక్కడక్కడ సన్నం చేస్తాయి, అక్కడ కెమెరా ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. అది కడుపులో ఉన్నంతసేపు ఎమ్మారై కూడా తీయరు. ఇంకోటి, కెమెరా చూస్తుంది అంతే, కారే చోటును మూయలేదు.

దేవరకొండ పోరడు: అక్కా, పదేండ్ల నుంచి రోజూ మింగుతున్నాడు, డాక్టర్ అడిగితే "ఎప్పుడో ఒకటి" అన్నాడంట! పొద్దున పోయి నిజం చెప్పిన. రెండు రోజుల నుంచి రక్తం పోవడం ఆగింది, బీపీ బాగుంది, కాబట్టి సీటీ యాంజియో ఇప్పుడు వద్దన్నాడు. ముందు లోపలే కరిగిపోయే ఉత్త క్యాప్సూల్ మింగించి దారి ఉందో లేదో చూసి, తర్వాతే కెమెరా అట. మళ్లీ నల్లగా పోయినా, కళ్లు తిరిగినా ఆగకుండా తీసుకురమ్మన్నాడు. గోళీలన్నీ బంద్. నాయన మాత్రం ఆ కెమెరా ఇంతకుముందు ఎవరైనా మింగిందేనా అని నర్సును మూడుసార్లు అడిగిండు.