అమెరికా బావగారికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుందా?

మియాపూర్ బావమరిది:
మా బావగారిది ఒహాయో. ఇంగ్లిష్ సాహిత్యంలో డిగ్రీ, పుస్తకాల షాపులో తొమ్మిదేళ్ళ అనుభవం. అక్కకి హైదరాబాద్ ఆఫీసుకు ట్రాన్స్‌ఫర్ అయింది, దసరాకల్లా ఇద్దరూ వచ్చేస్తారు. "నా మాతృభాషే ఇంగ్లిష్ కదా, స్కూళ్ళు ఎగబడతాయి" అని ఆయన ధీమా. అమ్మ టెన్షన్ వేరు: అల్లుడు మూడు దోసెలు తిని పొద్దస్తమానం బాల్కనీలో కూర్చుంటే ఎదురింటివాళ్ళకి ఏం చెప్పాలని. నిజంగా ఛాన్సుందా? పెళ్ళి రిజిస్టరై ఏడాదిన్నర అయింది.

పటాన్‌చెరు టీచర్:
ఎగబడరు. నేను ఇంటర్నేషనల్ స్కూల్లో పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మా దగ్గరికి వచ్చే విదేశీయులకి సొంత దేశపు టీచింగ్ లైసెన్సు ఉంటుంది. పైగా ఎంప్లాయ్‌మెంట్ వీసాకి జీతం ఏడాదికి 16.25 లక్షలు ఉండాలి. తమ దేశపు వంటలు చేసే షెఫ్‌లకీ, వేరే భాషలు నేర్పేవాళ్ళకీ ఈ షరతు లేదు, ఇంగ్లిష్ టీచర్లకి మాత్రం ఉంది! ఆ డబ్బుతో మామూలు స్కూలు ముగ్గురిని పెట్టుకుంటుంది. ఆయనకి ఫ్రెంచి ఏమైనా వచ్చా?

అమీర్‌పేట టు కొరియా:
నేను దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఐదేళ్ళున్నాను. అక్కడైతే ఆయన ధీమా నిజమే. ఇంగ్లిష్ నేర్పే వీసాకి ప్రధానంగా ఏడు దేశాల పాస్‌పోర్టులే చూస్తారు, అందులో అమెరికా ఒకటి. ఏ సబ్జెక్టైనా సరే డిగ్రీ ఉండాలి, నేరాలేవీ లేవన్న సర్టిఫికెట్‌కి అపోస్టిల్ (అది వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) వేయించాలి. మా పక్క ఫ్లాట్ కెనడా కుర్రాడికి అద్దె కూడా స్కూలే కట్టేది. నాకు ఇంగ్లిష్ ఎం.ఏ. ఉంది, అడిగిన నాథుడు లేడు. చైనా మాత్రం వద్దనండి. 2021లో ట్యూషన్ సెంటర్ల మీద ఆంక్షలు పెట్టాక ఆ గిరాకీ పడిపోయింది.

మియాపూర్ బావమరిది:
అక్క ఇక్కడుంటే ఆయన కొరియాలో ఏం చేస్తారండీ!

పటాన్‌చెరు టీచర్:
మీ అక్క ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కదా? పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండితే ఆయన ఓసీఐకి (విదేశీయులు ఇండియాలో దీర్ఘకాలం ఉండటానికి ఇచ్చే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు) అప్లై చేసుకోవచ్చు. అది చేతికొస్తే ఆ 16.25 లక్షల గొడవ ఉండదు, ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు. అప్పటిదాకా జీతమిచ్చే పని ఏదీ ఒప్పుకోవద్దనండి. 180 రోజులు దాటే వీసా మీద వస్తే, దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు) రిజిస్ట్రేషన్ మర్చిపోకండి.

మియాపూర్ బావమరిది:
చాలా థాంక్సండీ, అక్కకి పంపించాను. ఫ్రెంచి "బోన్‌జూర్" వరకే గుర్తుందట. అమ్మకి మాత్రం ఎదురింటివాళ్ళకి చెప్పడానికి మాట దొరికింది: "అల్లుడికి ఓసీఐ పనులు నడుస్తున్నాయి."