అంబాసిడర్ డోర్ హింజ్‌కి కొత్త పిన్ వేసినా లూజుగానే ఉంది, ఏం చేయాలి?

బెజవాడ_అంబీ:
నాన్నగారి అంబాసిడర్‌లో డ్రైవర్ వైపు డోర్ కిందికి జారింది. చేత్తో కాస్త పైకెత్తి వేస్తే తప్ప లాక్ పడట్లేదు. పై హింజ్ పిన్ అరిగిందని అదే సైజు కొత్తది వేయించాను, అయినా డోర్ అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఇంకా టకటకమంటోంది. వెర్నియర్‌తో కొలిస్తే పిన్ 8 మి.మీ. ఉంది, రంధ్రం మాత్రం ఒకవైపు 8.1, దానికి అడ్డంగా కొలిస్తే 8.6. మెకానిక్ పిన్‌కి వెల్డింగ్ పెట్టేద్దాం అంటున్నాడు. ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది, మంచి హింజ్ దొరకట్లేదు. వెల్డింగ్ పెట్టించమంటారా?

లేత్_పని:
వద్దండి. వేడికి పెయింట్ పోతుంది, రేపు పిన్ మార్చాలంటే కోయాల్సిందే, పైగా అరిగిన రంధ్రం అలాగే ఉంటుంది. మీ రంధ్రం కోలగా అయిపోయింది, అందులో ఎంత కొత్త పిన్ వేసినా చుట్టూ ఆనదు. ముందు దాన్ని గుండ్రంగా చేయాలి. 9 మి.మీ. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి నున్నగా కోసే పనిముట్టు) కొట్టి 9 పిన్ వేయడం ఒక పద్ధతి, కానీ నేనైతే రంధ్రాన్ని 10కి బోర్ చేసి గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్, అంటే చిన్న గొట్టం లాంటి తొడుగు, ప్రెస్ చేయిస్తాను. అప్పుడు మీ 8 పిన్నే పనికొస్తుంది, మళ్లీ అరిగినా బుష్ ఒక్కటి మారిస్తే చాలు. రంధ్రం చుట్టూ ఇనుము సరిపడా మందం ఉందో లేదో చూసుకోండి. హ్యాండ్ డ్రిల్లుతో మాత్రం పెద్దది చేయనివ్వకండి, కోల రంధ్రంలో డ్రిల్ పక్కకు లాగేస్తుంది. ఇంకోటి, ప్రెస్ చేశాక బుష్ లోపలి సైజు కొంచెం తగ్గుతుంది, కాబట్టి ఆఖర్న మళ్లీ 8 రీమర్ పెట్టాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

బెజవాడ_అంబీ:
రంధ్రంలో ఏదైనా గమ్ వేస్తే ఆగదా? లాక్‌టైట్ అంటున్నారు కదా.

పాతబండ్లు:
హింజ్‌కి డోర్ వైపు ఒకటి, బాడీ వైపు ఒకటి రెక్కలుంటాయి కదా, ఏ రెక్కలో అరిగిందో చూడండి. పిన్ ఒక రెక్కలో బిగుతుగా కూర్చోవాలి, రెండోదాంట్లో తిరగాలి. బిగుతు వైపు కొద్దిగా లూజైతే లాక్‌టైట్ 638 పనిచేస్తుంది, అదీ నూనె మరక లేకుండా తుడిచి వేస్తేనే. అది 0.25 మి.మీ. సందు వరకే, మీదేమో 0.6. తిరిగే వైపైతే అసలు వేయకూడదు, పట్టేస్తుంది.
కింది హింజ్ కూడా కొలవండి, పైది ఇంత అరిగితే అదీ బాగుండే అవకాశం తక్కువ. విప్పేముందు డోర్ కింద జాక్, దానిమీద చెక్క ముక్క పెట్టి, హింజ్ అంచుల చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. లేకపోతే బిగించేటప్పుడు డోర్ చుట్టూ సందులు సరిచేసుకోడానికే సగం రోజు పోతుంది.

బెజవాడ_అంబీ:
చూశాను, అరిగింది తిరిగే వైపే. కింది హింజ్‌లోనూ ఆట ఉంది. రెండూ విప్పి ఆటోనగర్‌లో లేత్ దగ్గరికి తీసుకెళ్లి బుష్‌లే వేయిస్తాను. థాంక్సండీ ఇద్దరికీ.