అమెరికా కేబినెట్ శాఖలు: పుట్టిన సంవత్సరం ఏది రాయాలె?

నల్లగొండ నోట్స్:
అన్నలు, అక్కలు, అమెరికా ఫెడరల్ శాఖలకు ఒక పట్టిక రాస్తున్న. తేదీల కాడనే ఆగిపోతున్న. న్యాయశాఖకు ఒక పుస్తకంల 1789 ఉంటే ఇంకోదాంట్ల 1870 ఉన్నది. వ్యవసాయ శాఖకు 1862, 1889 రెండూ కనిపిస్తున్నయి. రక్షణ శాఖకైతే 1789, 1947, 1949. పైగా ఇప్పుడు యుద్ధ శాఖ అంటున్నరు. ఏది రాయాలె?

పాలమూరు పాఠాలు:
తమ్మీ, పుస్తకాలు తప్పు కాదు. మూడు సంగతులు ఒక్క గడిల కుక్కితే వచ్చిన తిప్పలివి. చట్టమైన తేదీ ఒక గడిల, పని మొదలైన తేదీ ఒక గడిల, అధిపతికి కేబినెట్ హోదా వచ్చిన ఏడు ఇంకో గడిల రాయి. దేంట్లకెల్లి విడిపోయిందో పక్కన రాసుకో.

న్యాయశాఖ చూడు: 1789ల అటార్నీ జనరల్ (ప్రభుత్వ పెద్ద వకీలు) పదవి మాత్రమే పెట్టిన్రు, ఆయన కింద శాఖ లేదు. అంతర్యుద్ధం తర్వాత ప్రభుత్వ కేసులు పెరిగి, బయటి వకీళ్ల ఫీజులు మోయలేని పరిస్థితి వచ్చింది. 1870 జూన్ 22న చట్టం, జూలై 1న శాఖ మొదలు. వ్యవసాయానికి 1862 మే 15న లింకన్ సంతకం పెట్టిండు గానీ పైన ఉన్నది కమిషనరే. 1889ల సెక్రటరీ (అక్కడ మంత్రి లెక్క) హోదా వచ్చినంకనే కేబినెట్‌లకు చేరింది.

రక్షణ శాఖ లెక్క వేరే. 1789 ఆగస్టు 7న పుట్టింది యుద్ధ శాఖ. నౌకా శాఖ 1798ల వేరే అయింది. 1947 చట్టంతోని యుద్ధ శాఖ సైన్యం, వైమానిక దళంగ చీలింది, నౌకాదళంతోని కలిపి మూడింటి మీద ఒక సెక్రటరీని పెట్టిన్రు. డిపార్ట్‌మెంట్ ఆఫ్ డిఫెన్స్ అన్న పేరు 1949 సవరణతోని వచ్చింది. 2025 సెప్టెంబర్‌ల వచ్చిన అధ్యక్షుని ఉత్తర్వు యుద్ధ శాఖ అన్న పేరును రెండో పేరుగ వాడుకోనిచ్చింది, అంతే. చట్టంల పేరు మారాలంటే కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) మార్చాలె. పట్టికల రక్షణ శాఖ అనే రాసి, పక్కన ఈ ముక్క చేర్చు.

కృష్ణ ఒడ్డు:
పై జవాబుకు ఇంకొంత. శాఖ పేరు కన్నా పని ఎటు పోయిందో చూస్తే చరిత్ర బాగ అర్థమైతది. వలసల పని చూడుండ్రి: 1891ల ట్రెజరీ (ఖజానా శాఖ) కింద, 1903ల వాణిజ్య–కార్మిక శాఖకు, 1913ల ఆ శాఖ రెండుగ చీలితే కార్మిక శాఖకు, 1940ల న్యాయశాఖకు, 2003ల హోంల్యాండ్ సెక్యూరిటీ (దేశ భద్రత) శాఖకు. మొదట పన్నుల లెక్క, తర్వాత కూలీల లెక్క, రెండో ప్రపంచ యుద్ధం కమ్ముకున్నంక భద్రత లెక్క. వలసదారుణ్ని ప్రభుత్వం ఎట్ల చూసిందో ఈ మార్పులే చెప్తయి. పాత ఫైళ్లు కూడా అట్లనే వెతకాలె. గద్వాల కాగితం 2016 అక్టోబర్ 11కు ముందుదైతే మహబూబ్‌నగర్ జిల్లా పేరు మీదనే దొరుకుతది కదా, గదే తీరు.

నల్లగొండ నోట్స్:
మరి ఏ శాఖ పెట్టాలన్నా కాంగ్రెస్ చట్టమే కావాల్నా? మన దగ్గర అట్ల లేదు కదా.

పాలమూరు పాఠాలు:
మన రాష్ట్రంల రాజ్యాంగం 166(3) ఆర్టికల్ కింద గవర్నర్ పేరు మీద ఉన్న నియమాలు మారిస్తే చాలు. అక్కడ చట్టం కావాలె. విద్యాశాఖను 1979ల చట్టంతోనే పెట్టిన్రు, మూసెయ్యాలన్నా కాంగ్రెసే మూసెయ్యాలె.

కృష్ణ ఒడ్డు:
ఒక మినహాయింపు ఉన్నది. 1953ల ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ పునర్వ్యవస్థీకరణ ప్రణాళికతోని వచ్చింది. ఆ అధికారం కూడా కాంగ్రెస్ చట్టం ఇచ్చిందే. విద్య విడిపోయినంక, 1980ల మిగిలిందానికి ఆరోగ్య, మానవ సేవల శాఖ అని పేరు పెట్టిన్రు.

ఇంకొకటి: అధ్యక్షుని పదవి ఖాళీ అయితే ఎవరు ఎక్కాలన్న వారసత్వ వరుసల ఉపాధ్యక్షుడు, స్పీకర్, సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడు అయినంక, కేబినెట్ వాళ్ల వంతు శాఖల వయసు ప్రకారం నడుస్తది. అటార్నీ జనరల్ శాఖ 1870దే అయినా, పదవి 1789ది కాబట్టి 1849ల పుట్టిన ఇంటీరియర్ శాఖ (ప్రభుత్వ భూములు చూసేది) సెక్రటరీ కన్నా ముందు ఉంటడు. అందుకని నీ పట్టికల ఆ 1789ని కొట్టెయ్యకు.