స్లీవ్ తర్వాత ఏడో వారం: రెండు ముద్దలకే ఛాతీ పట్టేస్తోంది, మీకూ ఇలాగే ఉండేదా?

చిన్న పళ్లెం
అందరికీ నమస్కారం. బరువు తగ్గడానికి నాకు స్లీవ్ సర్జరీ (జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్) జరిగి ఈ శుక్రవారానికి ఏడు వారాలు. ద్రవాలు, గుజ్జు ఆహారం దశలు బాగానే గడిచాయి. మెత్తని ఘనాహారానికి వచ్చినప్పటి నుంచే కష్టం. రెండు ముద్దలు తినగానే ఛాతీ మధ్యలో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది, నోటినిండా నురగ ఊరుతుంది, కాసేపటికి తిన్నదంతా బయటికి వచ్చేస్తుంది. పది రోజులుగా రోజుకు మూడు నాలుగు సార్లు ఇదే వరస. విటమిన్ మాత్రలు కూడా నిలవడం లేదు. విరేచనం అయి నాలుగు రోజులైంది. అరికాళ్లలో కాస్త తిమ్మిరి ఉంది, ఎక్కువసేపు పడుకుంటున్నందువల్ల కావచ్చు. భోజనంతో నీళ్లు తాగవద్దన్నారు కానీ, పొడిగా దిగడం లేదు కాబట్టి ముద్దకో గుటక తాగుతున్నాను. అది తప్పా? మీ అనుభవాలు చెప్పండి.

ఎనిమిదేళ్ల బైపాస్
తప్పే. తినడానికి అరగంట ముందే నీళ్లు ఆపాలి, తిన్నాక మరో అరగంట ముట్టుకోకూడదు. సర్జరీ నాటికి నా జీర్ణాశయపు సంచి 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. అందులో ముద్దకు చోటివ్వాలా, నీళ్లకు చోటివ్వాలా? ఎనిమిదేళ్లలో ఈ నియమం నేను ఒక్కపూట కూడా తప్పలేదు. తగ్గిన 52 కిలోల్లో నాలుగు తప్ప ఏవీ తిరిగి రాలేదు. ముద్దను పాతికసార్లు నమలండి, చెంచా కింద పెట్టండి, నీళ్ల గ్లాసును భోజనం బల్ల మీదే ఉంచకండి.

స్లీవ్ 2019
ఎనిమిదేళ్ల గారూ, మీది బైపాస్, అడిగినవారిది స్లీవ్. బైపాస్‌లో చిన్న సంచికి పేగును నేరుగా కలుపుతారు, జీర్ణాశయం చివరనుండే కవాటం దారిలోనే ఉండదు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు కానీ ఆ కవాటం అలాగే ఉంటుంది. అందుకే నీళ్లు ముద్దను పేగులోకి తోసేస్తాయన్న భయం మాకు అంతగా లేదు. మీ అరగంట నియమాన్ని నేను ఆరు నెలలు అక్షరాలా పాటించాను. రోజంతా కలిపి లీటరు నీళ్లు కూడా తాగలేకపోయాను. చివరికి మూత్రపిండంలో రాయి ఏర్పడింది. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. ఇప్పుడు తింటూ రెండు మూడు గుటకలు తాగుతాను, హాయిగా ఉన్నాను.

ఎనిమిదేళ్ల బైపాస్
రాయి వచ్చింది నీళ్లు తక్కువ తాగినందుకు, భోజనంతో తాగనందుకు కాదు. మూడు పూటల భోజనానికి పూటకు గంటన్నర తీసేసినా మెలకువగా ఉండే సమయంలో ఇంకా పదిగంటలకు పైగా మిగులుతుంది. సీసా పక్కన పెట్టుకుని గుటక గుటకగా తాగడానికి అది చాలదా? మీ నిర్లక్ష్యాన్ని నియమం మీదికి నెట్టకండి. మీ మాటలు చదివి కొత్తవాళ్లు చెడిపోతారు.

స్లీవ్ 2019
నిర్లక్ష్యం అనే మాట వెనక్కి తీసుకోండి. మొదటి నెలల్లో గోరువెచ్చని నీళ్లు కూడా ఇనుప గుండులా దిగేవి నాకు. పక్కవాడి కడుపులో ఏం జరుగుతోందో మీకెలా తెలుస్తుంది?

లెక్కల మాస్టారు
ఇద్దరూ ఆగండి. నేను మూడేళ్లుగా తిన్న ప్రతి ముద్దా, తాగిన ప్రతి గుటకా, మింగిన ప్రతి మాత్రా పుస్తకంలో రాసుకున్నాను. ఈ విషయంలో నాకున్నంత లెక్క చాలామంది ఆహార నిపుణుల దగ్గర కూడా ఉండదని ధైర్యంగా చెప్పగలను. అసలు సమస్య నీళ్లు కాదు, ప్రోటీన్. రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి. పళ్లెంలో ముందు ప్రోటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితేనే పిండిపదార్థం. నేను ఉదయం ఐరన్, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి కాల్షియం వేసుకుంటాను. ఆ రెండింటి మధ్య రెండు గంటల ఎడం తప్పనిసరి, కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు. కాల్షియం ఒక్కోసారి 500 మిల్లీగ్రాములకు మించకూడదు. మూడేళ్లుగా నా రక్తపరీక్షల్లో ఒక్క అంకె కూడా గీత దాటలేదు.

వెన్నెల
మాస్టారూ, మీరు వేసుకునే కాల్షియం ఏ రకం, సిట్రేటా, కార్బొనేటా? అది చెప్పకుండా లెక్క ఎలా పూర్తవుతుంది?

లెక్కల మాస్టారు
కార్బొనేట్. భోజనంతోనే వేసుకుంటాను. చవక, మాత్రలూ తక్కువ.

వెన్నెల
మనకు సిట్రేట్ ఇవ్వడానికి కారణం ఉంది. కార్బొనేట్ కరగాలంటే ఆమ్లం కావాలి, సర్జరీ తర్వాత ఆ ఆమ్లమే తగ్గిపోతుంది. రక్తంలో కాల్షియం అంకె బాగుంటే సరిపోదు, తక్కువైనప్పుడు శరీరం ఎముకల నుంచి లాక్కుని ఆ అంకెను నిలబెడుతుంది. అలా ఎముకల నుంచి కాల్షియం లాగించే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష చేయించారా? మా అక్కకు అలాగే అయింది. అంకెలన్నీ బాగున్నాయని నమ్మి నమ్మి, చివరికి మెట్టు తప్పి జారితే మణికట్టు విరిగింది. ఈ విషయంలో నేను ఊరుకోలేను.

నీళ్ల సంగతికి వస్తే, నాది బైపాస్, నాకు నీళ్ల కంటే తీపి శత్రువు. మూడో నెలలో పండ్లరసం ఒక గ్లాసు తాగాను. పావుగంటలో గుండె దడ, చెమట, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆ వెంటనే విరేచనాలు. నేలమీద పడుకుని పిల్లవాడిని పిలిచాను. డంపింగ్ అంటే ఇదేనని తర్వాత తెలిసింది. ఏడాది దాటాక మరో రకం మొదలైంది, తిన్న రెండు గంటలకు చక్కెర పడిపోయి కళ్లు తిరగడం. పిండిపదార్థం ఎప్పుడు తిన్నా పక్కన ప్రోటీన్ పెట్టుకోవడం మొదలుపెట్టాకే అది సర్దుకుంది.

అన్నట్టు, జుట్టు దువ్వెన నిండా వచ్చేసిన రోజుల్లో మీరంతా ఏం చేశారు? చెల్లెలికి సర్జరీ జరిగి ఇప్పుడు నాలుగో నెల, రోజూ ఏడుస్తోంది.

ఎనిమిదేళ్ల బైపాస్
జుట్టు మూడు నాలుగు నెలలకు రాలడం మొదలవుతుంది, కుదుళ్లు చావవు కాబట్టి తిరిగి వస్తుంది. ప్రోటీన్, ఐరన్, జింకు సరిగ్గా చూసుకోమనండి. కంగారు పడాల్సింది జుట్టు గురించి కాదు, నొప్పి మాత్రల గురించి. మోకాలి నొప్పికి నేను వారం రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నాను. సంచికీ పేగుకూ అతుకు వేసిన చోట పుండు పడి రక్తం పోయింది. ఐబుప్రోఫెన్ కూడా ఆ కోవదే. మీకు మందులు రాసే ప్రతి డాక్టరుకూ మీ సర్జరీ సంగతి ముందే చెప్పండి.

నీళ్ల విషయంలో మాత్రం నా మాట మారదు.

స్లీవ్ 2019
నాదీ మారదు.

రాత్రి డ్యూటీ నర్సు
మొదటి పోస్టు మళ్లీ చదవండి, అందరూ. పది రోజులుగా రోజుకు మూడు నాలుగు వాంతులు, విటమిన్ నిలవడం లేదు, అరికాళ్లలో తిమ్మిరి అని రాసి ఉంది. ఒక్కరైనా ఆ వాక్యం దగ్గర ఆగారా? నీళ్ల గ్లాసు మీద ఇంతసేపు కొట్టుకున్నారు!

చిన్న పళ్లెం గారూ, ఇది పడుకున్నందువల్ల వచ్చే తిమ్మిరి అనుకోకండి. థయమిన్, అంటే బి1 విటమిన్, ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. సర్జరీ తర్వాత ఆగని వాంతులున్నవారికి అది అడుగంటితే ముందు కాళ్లు తిమ్మిరెక్కుతాయి. తర్వాత నడక తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, మనిషి తికమకపడతాడు. అక్కడిదాకా పోతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ రోజే మీ సర్జరీ బృందానికి ఫోను చేయండి, వాళ్లు అందకపోతే అత్యవసర విభాగానికి వెళ్లండి. వెళ్లగానే స్లీవ్ జరిగిందనీ, పది రోజులుగా వాంతులనీ, తిమ్మిరి ఉందనీ మూడు మాటలూ చెప్పండి. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇస్తారా అని అడగండి. థయమిన్ లేకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే ఉన్న కొద్ది నిల్వ కూడా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు. మందు మాత్రల్లో కాదు, నరం ద్వారా వెళ్లాలి, మాత్ర ఎలాగూ బయటికి వచ్చేస్తుంది కదా. ఒంటరిగా వెళ్లకండి, బండి మీరు నడపకండి.

స్లీవ్ 2019
నర్సు గారూ, క్షమించండి. ఆ వాక్యం నేను చదివాను, చదివి దాటిపోయాను.

లెక్కల మాస్టారు
నిజానికి ప్రోటీన్ సరిగ్గా అంది ఉంటే ఇంతవరకు వచ్చేది కాదని నా అభిప్రాయం.

రాత్రి డ్యూటీ నర్సు
మాస్టారూ, రెండు ముద్దలు నిలవనివారికి 60 గ్రాముల ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? దయచేసి కాసేపు ఆగండి.

చిన్న పళ్లెం
ఆస్పత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను, ఇది మూడో రోజు. నర్సు గారి పోస్టు చూసిన గంటలోనే తమ్ముడు తీసుకొచ్చాడు. మీరు చెప్పిన మూడు మాటలూ కాగితం మీద రాసుకుని చదివి వినిపించాను. ముందు థయమిన్ ఇచ్చారు, తర్వాతే సెలైన్. ఎండోస్కోపీలో స్లీవ్ మధ్యలో వంపు దగ్గర దారి ఇరుకైందని తేలింది, బెలూనుతో వెడల్పు చేశారు. మళ్లీ ఒకసారి చేయాల్సి రావచ్చన్నారు. నిన్న సాయంత్రం సూపు నాలుగు చెంచాలు తాగాను, నిలిచింది. అరికాళ్ల తిమ్మిరి ఇంకా ఉంది కానీ పైకి పాకడం ఆగింది. నర్సు గారూ, మీ పేరు నాకు తెలియదు, మీకు రెండు చేతులా నమస్కారం.

మలబద్ధకం గురించి ఎవరూ చెప్పలేదు, ఎవరికైనా అనుభవం ఉందా?

వెన్నెల
మీ పోస్టు చదివి కళ్లు తుడుచుకున్నాను. ఇంత తక్కువ లోపలికి పోతే రోజూ విరేచనం కాదు, పైగా ఐరన్ బిగబట్టిస్తుంది. మలాన్ని మెత్తబరిచే మందు డాక్టరును అడగండి. పీచు పొడి మాత్రం దారి పూర్తిగా తెరుచుకునేదాకా వద్దు, నీళ్లు చాలకపోతే అది మధ్యలో ఉబ్బి అడ్డుపడుతుంది.

ఎనిమిదేళ్ల బైపాస్
త్వరగా కోలుకోండి అమ్మా. వెన్నెల గారూ, పీచు పొడి సంగతి నేను ఒప్పుకోను, నాకు అదే పనిచేసింది.